పొత్తిళ్ళు, జిప్పు సూటు: ఈ దేశములో పసిబిడ్డకు బట్ట వేయుట

ఆస్ట్రేలియాలో మనవారి ఇండ్లలో బిడ్డ పుట్టిన మొదటి వారములోనే ఒక తగవు మొదలవుతుంది. పేరు గురించిన తగవు తరువాత వస్తుంది, ముందు వచ్చేది బట్టల తగవు. టోపీ పెట్టవలెనని నాయనమ్మ అంటుంది. నిద్రలో టోపీ ఉండరాదని నర్సు అంటుంది. దుప్పటి కప్పమని అమ్మమ్మ, తీసివేయమని హాస్పిటలు వారు ఇచ్చిన పుస్తకము. కన్నతల్లి నిద్ర లేని కళ్ళతో, బిడ్డను ఒడిలో పెట్టుకొని, ఎవరి మాట వినవలెనో తెలియక కూర్చుంటుంది. తండ్రి సంగతి చెప్పనక్కరలేదు. అతడు అందరి మాటకూ తల ఊపుతూ ఉంటాడు.

ఈ వ్యాసము వ్రాస్తున్నది అటువంటి తండ్రియే. మా ముత్తాత ఫిజీ దీవులలో బా ప్రాంతమున చెరకు కోసినవాడు. నా భార్య పుట్టినిల్లు మారిషస్. ఆమె పూర్వులూ చెరకు తోటకు వచ్చినవారే. మేమిద్దరము ఇప్పుడు సిడ్నీ నగరమునకు పడమటి దిక్కున కాపురము ఉన్నాము. జూలై నెల చలిలో మాకు ఆడపిల్ల పుట్టినది. నేను వైద్యుడను కాను. కాని మూడు దేశముల పద్ధతులు ఒకే తొట్టి దగ్గర కలిసినప్పుడు వాటిని ఎట్లు సర్దుకొనవచ్చునో మా అమ్మను అడిగి, నర్సును అడిగి, చదివి తెలిసికొన్నది మన పాఠకులలో క్రొత్తగా తల్లిదండ్రులైన వారికి పనికివస్తుందని వ్రాస్తున్నాను.

మొదట పాత పద్ధతి చెప్పుకొందాము. పొత్తిళ్ళు అనే మాట మనలో చాలామంది విని యుండరు. పురిటి బిడ్డను చుట్టి పడుకోబెట్టే మెత్తని పాతగుడ్డలే పొత్తిళ్ళు. పొత్తిళ్ళలో బిడ్డ అంటే ఇంకా చంటిబిడ్డ అని అర్థము. మా ఇంట్లో ఈ మాట మా నాయనమ్మతోనే పోయినది. మా అమ్మ మాట్లాడేది సగము తెలుగు, సగము ఫిజీ హిందీ. ఆమెకు పొత్తిగుడ్డ అన్న ఒక్క మాట మాత్రము మిగిలినది. నా భార్య మారిషస్‌లో బడిలో తెలుగు చదివినది, అ ఆలు నాకంటే చక్కగా వ్రాస్తుంది, కాని ఈ మాట ఏ వాచకములోను రాలేదట. రాదు మరి. ఇటువంటి మాటలు బడిలో నేర్పేవి కావు, పురిటి గదిలో వినేవి.

పొత్తిగుడ్డకు పాత కాటన్ చీర మంచిది. చీర సుమారు ఐదున్నర మీటర్లు ఉంటుంది. మీటరు చొప్పున అడ్డముగా చింపితే ఐదు ముక్కలు వస్తవి, ఇంకా బొడ్డు దగ్గర తుడుచుటకు చిన్న పీలికలు మిగులుతవి. చీర పన్న మీటరుకు కొంచెము పైగా ఉంటుంది గనుక ముక్క ఇంచుమించు చదరముగా వస్తుంది. ఇక్కడి అంగళ్ళలో మస్లిన్ అని పేరు పెట్టి, మడతలు వేసి, రిబ్బను కట్టి అమ్మే చుట్టుగుడ్డ కొలత కూడా దాదాపు అదే. మా అమ్మ ఆ గుడ్డ ధర చూచి చాలాసేపు నవ్వినది. మరుసటి రోజున తన పెట్టెలోనుండి నీలపు అంచు చీర ఒకటి తీసి కత్తెర అడిగినది.

పుట్టిన బిడ్డకు క్రొత్త గుడ్డ వేయరాదు, పురుడు వెళ్ళిన తరువాతనే వేయవలెనని మన ఆచారము. కొందరికి 11వ రోజు, కొందరికి 21వ రోజు. ఆరోగ్యముగా పెరుగుతున్న మరొక బిడ్డ తొడిగి విడిచిన చొక్కాను మొదటి చొక్కాగా అడిగి తెచ్చుకొనే వాడుకయు ఉన్నది. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయనక్కరలేదు. క్రొత్త గుడ్డలో గంజి ఉంటుంది, రంగు ఉంటుంది, మిల్లులో పూసిన మందులు ఉంటవి. పసిబిడ్డ చర్మము పెద్దవారి చర్మము కంటె పలుచన. వందసార్లు ఉతికిన చీరలో ఇవేవీ మిగలవు. క్రొత్త బట్టలను తొడుగుటకు ముందు ఒకసారి ఉతకవలెనని ఇక్కడి నర్సులు చెప్పేదియు ఇందుకే. ఈ విషయములో నాయనమ్మకును నర్సుకును తగవు లేదు.

తగవు ఉన్నది కప్పుటలో, బిగించుటలో, తలకు పెట్టుటలో. దానిని అర్థము చేసికొనుటకు మన వాళ్ళు బిడ్డలను పెంచిన ఇల్లు ఎటువంటిదో గుర్తు చేసికొనవలెను. మారిషస్‌కు 1834 నుండి, నేటాలుకు 1860 నుండి, ఫిజీకి మద్రాసు రేవు మీదుగా 1903 నుండి మన వాళ్ళు ఐదేండ్ల ఒప్పందముల మీద వచ్చినారు. ఫిజీ లైన్లలో ఒక గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. దానిలోనే వంట, దానిలోనే పడక. పైన రేకు కప్పు. పగలు నిప్పు, తెల్లవారుజామున మంచు. ప్రక్క గది పొగ మన గదిలోకి వచ్చేది. ఈగలు, దోమలు చెప్పనలవి కాదు. తల్లి పురుడు పోసికొన్న కొద్ది కాలమునకే పనిలోకి దిగవలసి వచ్చేది. బిడ్డను చెట్టు నీడను పడుకోబెట్టి చెరకు సాలులోకి పోయేవారని మా నాయనమ్మ చెప్పేది. పిండి సంచుల గుడ్డను ఉతికి ఉతికి అచ్చు అక్షరములు పోయేదాకా మెత్తబరచి బిడ్డలకు వాడేవారని కూడ ఆమె చెప్పేది. కొన్నింటిపై అక్షరములు ఎన్నటికీ పోయేవి కావట.

అటువంటి చోట బిడ్డను నిండుగా చుట్టుట తెలివైన పని. గాలి, పొగ, పురుగు, ఏది ఎటునుండి వచ్చునో తెలియదు. పైగా ఆ చుట్టిన గుడ్డ ఏమిటి? ఒక్క పొర పాత కాటన్. బిడ్డ ఎప్పుడూ ఏదో ఒక మనిషి ఒడిలోనో, ప్రక్కలోనో ఉండేది. వేడెక్కినా, ఉక్కిరిబిక్కిరి అయినా ఆ ప్రక్కనున్న చేతికి వెంటనే తెలిసేది.

ఇప్పుడు ఇక్కడి ఇల్లు చూడండి. కిటికీలకు అద్దములు, గదిలో హీటరు. బిడ్డ తొట్టిలో ఒంటరిగా ఉంటుంది. దుప్పటి చూచుటకు మెత్తగా, తేలికగా ఉంటుంది కాని అది పాలియెస్టరు ఉన్ని. గాలి ఆడనివ్వదు. మా అమ్మ చేసే పని మా నాయనమ్మ చేసిన పనియే, చేయి కదలిక కూడ అదే. చేతిలోని గుడ్డ మారినది, గది మారినది. తగవంతా ఇక్కడ పుట్టుచున్నదని నా అభిప్రాయము.

ఇక అంగడికి పోదాము. ఇక్కడి పసిబట్టల సైజులు మొదటిసారి చూచినవారికి ఒక పొడుపు కథ. అన్నీ సున్నలే. ఐదు సున్నలు నెలలు నిండక ముందు పుట్టిన బిడ్డకు. నాలుగు సున్నలు అప్పుడే పుట్టినవారికి, అంటే నాలుగు కిలోల వరకు. మూడు సున్నలు మూడు నెలల వరకు, ఆరు కిలోలు. రెండు సున్నలు ఆరు నెలల వరకు, ఎనిమిది కిలోలు. ఒక్క సున్న ఏడాది వరకు, పది కిలోలు. ఆ తరువాతనే ఒకటి అనే అంకె వస్తుంది. బిడ్డ పెరిగేకొద్దీ సున్నలు తరుగుతవి. నెలలను నమ్మక కిలోలను నమ్మవలెను. మా పాప మూడు కిలోలు లేదు, నాలుగు సున్నల చొక్కాలో కూడ చేతులు లోపలనే ఉండిపోయినవి. ఇరుగుపొరుగు వారు ప్రేమతో తెచ్చిన బహుమానములలో నాలుగు సున్నలవి పన్నెండు ఉన్నవి. రెండు సున్నలవి ఒక్కటియు లేదు. ఎవరైనా చూడవచ్చుటకు ముందు ఏమి తేవలెనని అడిగితే, సిగ్గుపడక పెద్ద సైజు తెమ్మని చెప్పండి.

ఇక్కడ పసిబిడ్డ ముఖ్యమైన బట్ట కాళ్ళు చేతులు అన్నీ కలిసిన ఒకే సూటు. ముందు భాగమున జిప్పు గాని, నొక్కు బొత్తాములు గాని ఉంటవి. పగటి వేళ అంగడిలో బొత్తాములది అందముగా కనబడుతుంది. రాత్రి మూడు గంటలకు, దీపము సన్నగా పెట్టుకొని, కాళ్ళు తన్నుకొనే బిడ్డకు పదకొండు బొత్తాములు పెట్టి, చివర ఒక బొత్తాము మిగిలినదని తెలిసినప్పుడు అందము సంగతి ఎవరికీ గుర్తుండదు. జిప్పుదే కొనండి. క్రిందినుండియు, పైనుండియు తెరుచుకొనే జిప్పు అయితే మరీ మంచిది. గోచీ మార్చేటప్పుడు ఛాతీ చలికి బయటపడదు. జిప్పు ఎక్కించేటప్పుడు బట్టకును చర్మమునకును నడుమ మన వేలు ఉంచవలెను. తలమీదుగా తొడిగే లోచొక్కాల భుజముల దగ్గర ఒక మడత ఉంటుంది. అది అలంకారము కాదు. బిడ్డ విరేచనముతో బట్ట పాడైనప్పుడు చొక్కాను తలమీదుగా లాగకుండా భుజముల మీదుగా క్రిందికి దించుటకు పెట్టినది. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, ఐదవ వారములో నా భార్య కనిపెట్టినది.

రాత్రి బట్టల మీద ఒక చీటీ కుట్టి ఉంటుంది. 00 నుండి 14 వరకు సైజుల పిల్లల రాత్రి బట్టలకు నిప్పు అంటుకొనే ప్రమాదము ఎంతో తెలిపే చీటీ ఉండవలెనని ఇక్కడి చట్టము. ఎర్ర చీటీ ఉంటే ఎక్కువ ప్రమాదమని అర్థము. పూజ గదిలో దీపము, హాలులో హీటరు పెట్టే ఇండ్లలో ఎర్ర చీటీ బట్టను కొనకపోవుటయే మంచిది.

ఇప్పుడు అసలు తగవుకు వస్తాను.

మా పాపకు ఐదు వారములప్పుడు ఒక నర్సు మా ఇంటికి వచ్చినది. ఈ రాష్ట్రములో పుట్టిన ప్రతి బిడ్డకు నీలి అట్ట పుస్తకము ఒకటి ఇస్తారు. బరువు, పొడవు, టీకాలు అన్నీ దానిలో వ్రాస్తారు. విక్టోరియాలో దాని అట్ట ఆకుపచ్చ, క్వీన్స్‌లాండులో ఎరుపు. నర్సు ఆ పుస్తకము తీసి తూకము వ్రాస్తూ తొట్టి వైపు చూచినది. పాప నిద్రపోతున్నది. తలకు మా అమ్మ అల్లిన ఉన్ని టోపీ, ఒంటికి లోచొక్కా, సూటు, పైన పొత్తిగుడ్డ, దానిపై దుప్పటి. నర్సు మా అమ్మను కోప్పడలేదు. టోపీ ఎంత బాగా అల్లినారని మెచ్చుకొన్నది, పెద్దావిడ చేయి పట్టుకొని పాప మెడ వెనుక పెట్టించినది. మెడ చెమటతో తడిసి ఉన్నది. మా అమ్మ పాదములు చూపించి, ఇవి చల్లగా ఉన్నవి గదా అన్నది. పసిబిడ్డల చేతులు, పాదములు సహజముగానే చల్లగా ఉంటవి, వాటిని బట్టి చలిని లెక్క కట్టరాదు, ఛాతీ మీదనో మెడ వెనుకనో చేయి పెట్టి చూడవలెనని నర్సు చెప్పినది.

నర్సు వెళ్ళిన తరువాత మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నేను నలుగురిని పెంచినాను, ఎవరికి ఏమైనది అన్నది. కొంతసేపటికి తన అక్క మొదటి బిడ్డ సంగతి చెప్పినది. రెండు నెలల మగబిడ్డ, బా ఊరి ప్రక్కన పొలము ఇంట్లో, రాత్రి పాలు త్రాగి పడుకొన్నవాడు తెల్లవారి లేవలేదు. జ్వరము లేదు, దగ్గు లేదు. దిష్టి అన్నారు కొందరు, గాలి అన్నారు కొందరు. తల్లినే అన్నారు మరి కొందరు. ఆ అక్క జీవితాంతము ఆ మాట మోసినది. నలభై ఏండ్లుగా ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ బిడ్డ ఎందువల్ల పోయినాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కాని అటువంటి మరణములు అన్ని దేశములలోను జరిగినవి. ఏ కారణము దొరకని ఈ నిద్రమరణమును ఇక్కడ సిడ్స్ అంటారు. అడిలైడు నగరములో సూజన్ బీల్ అనే పిల్లల వైద్యురాలు 1970ల నుండి అట్లు బిడ్డను పోగొట్టుకొన్న ఇండ్లకు స్వయముగా పోయి, తల్లిదండ్రులతో మాట్లాడి, బిడ్డ ఎట్లు పడుకొన్నది, ఏమి కప్పినారు, ముఖము ఎటు ఉన్నది అని వివరములు కూర్చినది. ఐదు వందలకు పైగా ఇండ్లకు ఆమె వెళ్ళినది. బోర్ల పడుకోబెట్టిన బిడ్డలకు ప్రమాదము ఎక్కువ అని ఆమెకు కనబడినది. ఆ కాలములో అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా పుస్తకములు, డాక్టర్లు బిడ్డను బోర్ల పడుకోబెట్టమని చెప్పేవారు. మన ముసలమ్మలు మాత్రము వెల్లకిల పడుకోబెట్టేవారు, ఉయ్యాలలోనైనా, చాప మీదనైనా, చాచిన కాళ్ళమీదనైనా. ఈ ఒక్క విషయములో పుస్తకము తప్పు, ముసలమ్మ ఒప్పు. 1991లో ఈ దేశమంతట పెద్ద ప్రచారము జరిగినది. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టండి, తల, ముఖము కప్పకండి, పొగాకు పొగకు దూరముగా ఉంచండి అన్నారు. అప్పటినుండి ఈ మరణములు ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గినవి. మందు లేదు, ఆపరేషను లేదు. పడుకోబెట్టే తీరు, కప్పే తీరు మారినవి, అంతే.

టోపీ ఎందుకు వద్దంటారు? పసిబిడ్డ ఒంటితో పోలిస్తే తల పెద్దది. ఒళ్ళంతా బట్టలో ఉన్నప్పుడు లోపలి వేడి బయటికి పోయే దారి తల, ముఖము మాత్రమే. టోపీతో ఆ దారి మూసుకుంటుంది. పైగా నిద్రలో టోపీ జారి ముక్కు మీదికి రావచ్చును. దుప్పటి ముఖము మీదికి వస్తే మూడు నెలల బిడ్డ దానిని తీసివేయలేదు. అందుకే ఇక్కడ దుప్పటికి బదులు నిద్రసంచి వాడమంటారు. మెడకు, చంకలకు సరిపడా కుట్టి, చేతులు లేకుండా, తలముసుగు లేకుండా ఉండే సంచి అది. దానిపై టాగ్ అనే అంకె ఉంటుంది. అంకె పెరిగితే వెచ్చదనము పెరుగుతుంది. సగము టాగ్ వేసవికి, రెండున్నర టాగ్ చలికి. బయట చలి ఐదు డిగ్రీలైనా గదిలో అంత ఉండదు, బట్ట వేయవలసినది గదికి. తాము ఆ గదిలో ఎంత బట్టతో హాయిగా ఉంటారో చూచుకొని బిడ్డకు అట్లే వేయవలెనని మాకు చెప్పినారు. బా ఊరి నుండి వచ్చిన నాయనమ్మను కొలతగా పెట్టుకొనరాదు. ఆమె జూలైలో రెండు స్వెట్టర్లు, ఒక శాలువ వేసికొని ఉంటుంది.

మరి పొత్తిళ్ళు మానుకోవలెనా? అక్కరలేదు. ఇక్కడి హాస్పిటళ్ళలోను పుట్టిన బిడ్డను పలుచని గుడ్డలో చుట్టియే ఇస్తారు. చుట్టిన బిడ్డ ఉలిక్కిపడక నిద్రపోతుందని వారికీ తెలుసు. అయితే మూడు సంగతులు చూడవలెను. గుడ్డ భుజముల క్రిందనుండి మొదలు కావలెను, గడ్డము దగ్గరికి రారాదు. పైభాగము కొంచెము బిగువు, నడుము క్రింద వదులు. కాళ్ళు కప్పవలె మడిచి ప్రక్కలకు చాపుకొనే చోటు ఉండవలెను. కాళ్ళు చక్కగా సాగునని నిలువుగా లాగి బిగించి చుట్టేవారు మన ఇండ్లలో ఇప్పటికీ ఉన్నారు. అట్లు చేస్తే తుంటి కీలు గూటినుండి తొలగవచ్చును. జపానులో 1970ల నడుమ ఈ బిగింపు మానమని తల్లులకు నేర్పగా తుంటి తొలగిన బిడ్డల సంఖ్య బాగా తగ్గినది. బిడ్డను చంకను ఎత్తుకొనే మన అలవాటు తుంటికి మంచిదే. ఇక మూడవది, బిడ్డ ప్రక్కకు దొర్లుటకు ప్రయత్నించుచున్నదని కనబడిన రోజుననే చుట్టుట మానవలెను. చేతులు గుడ్డలో ఉండి బోర్లపడితే లేవలేదు. మా అమ్మ చింపిన చీర ముక్క ఒక్క పొరగా, లోచొక్కాపైన, సరిగా సరిపోయినది. దుప్పటి మాత్రము బీరువాలోకి పోయినది.

ఇక మొలతాడు, కాటుక, గాజులు. ఇక్కడ నేను నర్సు వైపు కొంత, అమ్మ వైపు కొంత ఉన్నాను. మెడలో ఏ తాడూ వద్దు. దంతముల కోసమని అంబరు పూసల దండ వేసే వేడుక ఇక్కడి తెల్లవారిలోను ఉన్నది. మెడకు బిగిసే ప్రమాదము, పూస ఊడి గొంతులో పడే ప్రమాదము ఉన్నవని ప్రభుత్వపు వినియోగదారుల కమిషను వారు హెచ్చరించినారు. మన నల్లపూసల మురుగులకు కూడ ఇదే మాట వర్తిస్తుంది. మొలతాడు నడుమునకు గనుక అంత భయము లేదు, కాని బిడ్డ వారము వారమునకు లావవుతుంది. రెండు వేళ్ళు సులువుగా దూరునంత వదులు ఉండవలెను, తడిసిన తాడును మార్చవలెను. కాటుక కంటికి వద్దని డాక్టర్లు అంటారు. అంగడి సుర్మాలలో సీసము ఉండుట పలుచోట్ల బయటపడినది, పసిబిడ్డ మెదడుకు సీసము విషము. మా అమ్మ దీనికి తానే దారి చూపినది. ఇంట్లో దీపపు మసితో చేసిన చుక్కను అరికాలిలో పెట్టినది. దిష్టికి అరికాలి చుక్క మన పాత పద్ధతియే.

తల్లి వెండ్రుకల సంగతి ఎవరూ చెప్పరు. ప్రసవమైన కొన్ని నెలలకు తల్లి జుట్టు ఊడుతుంది. ఒక్క వెండ్రుక మేజోడులోకి పోయి బిడ్డ కాలివ్రేలికి చుట్టుకొంటే దారమువలె కోసి, వ్రేలు వాచి నీలమవుతుంది. కారణము తెలియక బిడ్డ ఏడుస్తూ ఉంటే బట్టలన్నీ విప్పి వేళ్ళు చూడండి. మేజోళ్ళను తిరగవేసి తొడగండి, తిరగవేసి ఉతకండి.

కారు ప్రయాణము మరొక పరీక్ష. ఆరు నెలల లోపు బిడ్డ కారులో వెనుకకు తిరిగిన సీటులోనే కూర్చొనవలెనని చట్టము. ఆ సీటు పట్టీ రెండు కాళ్ళ నడుమనుండి వస్తుంది. పొత్తిళ్ళలో చుట్టిన బిడ్డకు ఆ పట్టీ పెట్టుటకు వీలు లేదు. అందుచేత హాస్పిటలు నుండి ఇంటికి తెచ్చే రోజున, ఎంత శుభ ముహూర్తమైనా, కాళ్ళు విడిగా ఉండే బట్టయే వేయవలెను. లావు కోటు కూడ వద్దు. పట్టీ కోటుకు బిగుస్తుంది, బిడ్డకు వదులై ఉంటుంది. పట్టీ బిగించిన తరువాత పైన శాలువ కప్పండి, కారు వెచ్చబడగానే తీసివేయండి. లోపలికి వచ్చినప్పుడు టోపీ, శాలువ తీయుట మరువరాదు, బిడ్డ నిద్రలో ఉన్నను సరే. మా అమ్మ అల్లిన టోపీకి చోటు దొరికినది ఇట్లే. బయట చలిలో, మెలకువగా ఉన్నప్పుడు, తోపుడు బండిలో.

వేసవిలో భయము తిరగబడుతుంది. ఈ దేశపు ఎండ ఫిజీ ఎండకు అక్కగారు. 1981లో వచ్చిన చొక్కా తొడుగు, క్రీము పూయి, టోపీ పెట్టు అనే ప్రచారము ఇక్కడ చిన్నపిల్లలకు కూడ కంఠతా వచ్చును. కాని ఆరు నెలల లోపు బిడ్డకు ఎండ క్రీము వాడుకగా పూయమని చెప్పరు. నీడ, పొడుగు చేతుల పలుచని కాటన్ చొక్కా, వెడల్పు అంచు టోపీ, ఇవే రక్ష. తోపుడు బండి మీద పొడి గుడ్డ కప్పితే నీడ అవుతుందని అనుకొంటారు. గాలి ఆడక లోపల వేడి ఇంకా పెరుగుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయము వారు కొలిచి చూడగా, తడిపిన పలుచని గుడ్డ కప్పి చిన్న విద్యుత్తు పంకా పెట్టినప్పుడు లోపల చల్లబడినది. తడిగుడ్డ, విసనకర్ర అనగానే మా అమ్మ, ఇది చెప్పుటకు విశ్వవిద్యాలయము కావలెనా అన్నది. నిజమే, కాని పొడి గుడ్డ కప్పేవారిలో మనవారు కూడ ఉన్నారు.

ఇప్పుడు మా పాప రెండు సున్నలు దాటినది. చిన్నవైన బట్టలను ఒక సంచిలో పెట్టినాము. మా కుటుంబములలో ఈ సంచి తిరుగుతూ ఉంటుంది. ఇదివరకు లివర్‌పూల్‌లోని మా చిన్నాన్న ఇంటి నుండి మాకు వచ్చినది, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో నెలలు నిండుచున్న నా భార్య చెల్లెలికి పోతుంది. ఆమెకు నవంబరులో కాన్పు, అప్పటికి అక్కడ చలి తగ్గుతుంది గనుక రెండున్నర టాగ్ సంచిని అడుగున పెట్టి, సగము టాగ్ సంచిని పైన పెట్టినాము. జిప్పులన్నీ పని చేయుచున్నవో లేదో నేను చూచినాను. చీర ముక్కలు ఐదింటిలో మూడు మిగిలినవి. వాటిని మా అమ్మ ఉతికి, ఎండబెట్టి, మడిచి, అన్నిటికంటె పైన పెట్టి, వీటిని ఏమంటారో ఆ పిల్లకు ఫోనులో చెప్పమని నా భార్యతో అన్నది.